నీహార లోయలో పిలుపరి

కొండ మలుపు తిరిగేసరికి దారి తెగిపోయింది. ఎదుట నేల లేదు. లోయ నిండా మంచు. పాలకుండ పొంగి, పొంగింది పొంగినట్టే ఆగిపోతే ఎలా ఉంటుందో అలా, తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా నిలిచి ఉంది. అప్పుడే కొండలెక్కుతున్న సూర్యుడి వెలుగు ఆ మంచులోకి దిగలేక పైపైనే పసుపు తెరలుగా, గులాబి తెరలుగా పొర్లాడుతోంది. ఎక్కడో అడుగున గాలి జోలపాడుతోంది. చూసేవాళ్ళ రెప్పలు వాటంతటవే బరువెక్కుతున్నాయి.

"నిద్రపోకు!" అంటూ రిపుంజయుడు తరళ భుజం పట్టి కుదిపాడు. "ఇదే నీహార లోయ. నా కౌముదీపురం జనమంతా దీని కడుపులో ఉన్నారు."

రిపుంజయుడు కౌముదీపురం యువరాజు. సరిహద్దు యుద్ధం గెలిచి, ఏనుగుల మీద జెండాలెత్తుకుని తిరిగి వచ్చేసరికి ఇళ్ళన్నీ తలుపులు తెరుచుకుని ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. నీహారకంఠుడనే మాంత్రికుడు ఒక తెల్లవారుజామున ఊరి మీద మంచు వల విసిరి, చేపల్ని లాగినట్టు జనాన్నంతా లాక్కుపోయాడు. మిగిలినది తరళ ఒక్కతే. ఆ పొద్దున ఆమె రంగు తీయడానికి మోదుగుపూల కోసం అడవికి పోయి ఉండబట్టి బతికిపోయింది.

ఆ నగరంలో ఒక్కో పనివాళ్ళకు ఒక్కో వీధి. చిత్రకారులది ఒకటి, వేణువులవాళ్ళది ఒకటి, కుమ్మరులది, అత్తరులవాళ్ళది, బొమ్మలాడించేవాళ్ళది, ఇలా. తల్లీతండ్రీ లేని తరళను పూలవీధిలో మేనత్త మైలసాని పెంచింది. కానీ పిల్ల ఆ వీధిలో నిలిచిందెప్పుడు? కుంచె పట్టి మెప్పు పొందేలోపు వేణువు దగ్గర తేలేది. వేణువు పలికేసరికి మట్టిలో చేతులు పెట్టేది. ఏ గురువూ ఆమె చేతికి శిష్యకంకణం కట్టనేలేదు. ఊరంతా ఆమెను పది వాకిళ్ళ పిల్ల అనేవారు. అన్ని వాకిళ్ళలోనూ నిలబడుతుంది, ఏ ఇంట్లోనూ ఉండదు అని.

"నన్ను చూడు," అన్నాడు రిపుంజయుడు, ఒర సవరించుకుంటూ. "పాలు మరిచిన నాటి నుంచి కత్తి తప్ప ఇంకోటి ముట్టలేదు. అందుకే నాకు దిగులు లేదు."

"మీ అదృష్టం మీది యువరాజా. నాకు ఒకటి పట్టుకుంటే రెండోది ఏడుస్తున్నట్టు ఉంటుంది."

అతను నవ్వబోయాడు. అంతలో పక్కనున్న కొండరాయి ఒళ్ళు విరుచుకుంది. రాతిలోంచి నడుము దాకా ఒక యక్షిణి బయటికి వచ్చింది. నాచు ఆమె జుట్టు. నత్తగుల్లలు ఆమె చెవులకు కమ్మలు.

"మాంత్రికుడి కోట ఆ అవతలి శిఖరం మీద ఉంది," అంది యక్షిణి. "వంతెన నేను కట్టను. మీరెవరో ఒక్క మాటలో చెప్పండి. మీ మాటే మీకు వంతెన. మాటలో ఎంత నిజం ఉంటే వంతెనకు అంత బలం."

రిపుంజయుడు ఆలోచించలేదు. "వీరుణ్ణి!" అన్నాడు. ఆ మాట నోట్లోంచి రావడమేమిటి, ఇనప పలకలు ఖణేల్ ఖణేల్‌మంటూ ఒకదాని కొసన ఒకటి అతుక్కుని అవతలి శిఖరం దాకా పరుచుకున్నాయి. అతను దాని మీద గుర్రంలా పరుగెత్తాడు. అతని మడమల వెనకే వంతెన కరిగిపోతూ వచ్చింది.

"నువ్వూ రా!" అని మంచు తెరల్లోంచి అతని కేక వినిపించింది.

తరళ లోయ అంచుకు వచ్చింది. "చిత్రకారిణిని," అంది. వెంటనే లోయ మీద ఇంద్రధనుస్సు లాంటి రంగుల వంతెన వంగింది. ఆమె అడుగు పెట్టింది. నిలిచింది. ఇంకో అడుగు, ఇంకో అడుగు. సగం దూరం పోయేసరికి కాలి కింద నీలం పల్చబడింది. ఎరుపు వెలిసిపోయింది.

"వేణువు నాది! వేణువు ఊదేదాన్ని!" అని అరిచింది. రంగులు తెగిపోయిన చోట సన్నని నాదపు తీగలు పుట్టుకొచ్చాయి. అవి ఆమె బరువుకు జుమ్మని మోగుతూ ఊగాయి. రెండు చేతులా వాటిని పట్టుకుని వేలాడింది. ఒక్కొక్క తీగే తెగుతోంది. "మట్టి!" అంది. మట్టి గడ్డ ఒకటి కాలికి తగిలి పొడి అయింది. "పూలు!" అంది. రేకులు చేతిలో నలిగిపోయాయి. ఏ మాటా అబద్ధం కాదు, ఏ మాటా ఆమెను పూర్తిగా మోయలేదు.

చివరి తీగ తెగింది.

"నేనెవరినీ కాను!" అని ఏడుస్తూ కేక వేసింది తరళ.

ఆ మాట వినడం కోసమే కాచుకుని ఉన్నట్టు, మంచు నోరు తెరిచింది.

ఆమె పడలేదు. మంచు ఆమెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని మెల్లగా కిందికి దింపింది. దిగుతోందో తేలుతోందో ఆమెకు తెలియలేదు. పక్కనుంచి తెల్లని చేపల్లాంటి మేఘాలు ఈదుకుంటూ పోయాయి. కాళ్ళకు గడ్డి తగిలింది. అది కూడా తెలుపే. ముత్యాలు పూసిన చెట్లు, వాటి కొమ్మల మీద తెల్లని నెమళ్ళు. అవి పురివిప్పి ఆడుతున్నాయి గాని రెక్క చప్పుడు లేదు. ముత్యం రాలి గడ్డి మీద పడినా చప్పుడు లేదు. ఆ తోటలో ఎక్కడ చూసినా మనుషులు. చెట్ల మొదళ్ళకు ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, పెదవుల మీద చిన్న చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు. అందరికీ మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. కాళ్ళుండాల్సిన చోట మంచు సుడులు తిరుగుతోంది. మరిచిపోయినంత మేర వాళ్ళు మంచైపోతున్నారు. ఆ మరపే నీహారకంఠుడి బలం.

తరళ కూడా ఒక చెట్టు కింద కూర్చుంది. ముందు యువరాజు పేరు మరిచిపోయింది. తరవాత ఎందుకు వచ్చిందో మరిచిపోయింది. అది బాధగా లేదు. నెత్తి మీది మూటలు ఒక్కొక్కటే దింపుకున్నట్టు హాయిగా ఉంది. మడమలు చల్లబడి, తేలికై, లేనట్టే అయిపోయాయి.

కానీ చేతులు ఊరుకోవు కదా. అలవాటు పడ్డ చేతులు. పక్కనున్న ఆకును తెంపాయి, మడిచాయి, పెదవుల మధ్య పెట్టాయి. ఎందుకు ఊదిందో ఆమెకే తెలియదు. పీ... అని సన్నని కూత లేచి, తోటంతా తిరిగి వచ్చింది.

"నా మేకలు!" అంటూ ఎదుటి చెట్టు కింద ఒక గొల్లవాడు ఎగిరి లేచాడు. "ఎవడ్రా నా మేకల్ని తోలుకుపోయింది? కాళ్ళు విరగ్గొడతా!"

ఎన్నాళ్ళనుంచో మాట పుట్టని ఆ తోటలో ఆ తిట్టు పిడుగు పడ్డట్టు పడింది. తరళ ఉలిక్కిపడింది. తన పేరు గుర్తొచ్చింది, అత్త గుర్తొచ్చింది, వంతెన గుర్తొచ్చింది. కిందికి చూసుకుంటే మడమలు తిరిగి వస్తున్నాయి. గొల్లవాడి కాళ్ళు కూడా మంచులోంచి మొలకల్లా మొలిచాయి.

"అయ్యా, ఆ ఆకు కూత వినే లేచావా?" అని అడిగింది.

"వినకేం? మా మేకలకు నేను రోజూ ఊదేది అదే గదమ్మా."

తరళ ఆకును పట్టుకుని ఇంకొకరి చెవి దగ్గర ఊదింది, మరొకరి దగ్గర ఊదింది. ఎవరూ కదలలేదు. ఒక ముసలి కుమ్మరి మాత్రం ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని, బొటనవేళ్ళు దేన్నో తడుముతున్నట్టు ఆడిస్తున్నాడు. ఆమె గడ్డి పీకి, అడుగునున్న తడిమన్ను తీసి ముద్ద చేసి అతని అరచేతిలో పెట్టింది. వేళ్ళు ముద్ద చుట్టూ మూసుకున్నాయి. కాసేపటికి ముసలాయన ముక్కు ఎగబీల్చి, "ఇసక ఎక్కువైంది," అని కళ్ళు తెరిచాడు.

ఇక ఆమె ఆగలేదు. పైట చెంగు చింపి ముడేసి, దానికి కాళ్ళూ చేతులూ కట్టి, ఒక చంటిపిల్ల ముందు గంతులు వేయించింది. పిల్ల కిలకిల నవ్వింది. ఆ నవ్వు విని తల్లి లేచింది. తల్లి మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి, "ఏమండోయ్!" అని గట్టిగా అరిచింది. ముగ్గురు మొగుళ్ళు లేచి కూర్చున్నారు. తోటలో మొదటిసారి నవ్వులు మోగాయి. వంటశాల పెద్దాయన ముక్కు దగ్గర తన జడలోని మరువం నలిపి పెట్టింది. తలారి ఎదుట బండ మీద, బొడ్లో దోపుకున్న బొగ్గు ముక్కతో అతని ఇంటి గుమ్మం గీసింది. ఒకరికి వాసన, ఒకరికి గీత, ఒకరికి పాట. ఎవరి తలుపు వాళ్ళది.

అప్పుడొచ్చాడు తోటమాలి. నెరిసిన గడ్డం, పాత ధోవతి, చేతిలో నీళ్ళ కుండ. కుండలోంచి నీళ్ళకు బదులు మంచు ధార కారుతోంది.

"అలసిపోయావు కదమ్మా," అన్నాడు ఎంతో దయగా. "ఇన్ని విద్యలు నెత్తినెత్తుకుని తిరుగుతూ పుట్టినప్పటి నుంచీ అలసిపోయే ఉన్నావు. నాకు తెలుసు."

తరళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఆమెతో ఇంతవరకు ఎవరూ అనలేదు.

"ఒక్కటి ఉంచుకో," అన్నాడు తోటమాలి. "నీకు ఇష్టమైంది ఒక్కటే. మిగతావన్నీ ఈ కుండలో వేసెయ్యి. ఆ ఒక్క విద్యలో భూలోకంలో నీకు సాటి ఉండదు. ఊళ్ళో నీకో వీధి, నీకో వాకిలి, నీ చేతికో కంకణం. అదిగో, మీ అత్త. ఆమెను ఇప్పుడే లేపి నీతో పంపిస్తాను."

అతను చెయ్యి చూపిన వైపు, ముత్యాల చెట్టు కింద, మైలసాని కూర్చుని ఉంది. ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండే ఆ నోరు ప్రశాంతంగా మూసుకుని ఉంది. తరళ అటు ఒక అడుగు వేసింది. అత్తకు అప్పటికే నడుము దాకా మంచు.

రంగులు ఉంచుకుంటాను అని చెప్పడానికి తరళ నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది. అంతలో వెనకనుంచి ఎవరో ఆమె కొంగు లాగారు. ముసలి కుమ్మరి.

"అమ్మా, కాస్త మా ఇంటిదాన్ని లేపి పెట్టవూ? మట్టి పెట్టి చూశాను, లేవడం లేదు. దానికి నా మట్టంటే మొదట్నించీ గిట్టదు. వడ్లు దంచేటప్పుడు ఏదో పాట పాడుతుంది. నాకు రాదు. నీకొచ్చా?"

తరళ నోరు మూసింది.

రంగులు మాత్రమే ఉంచుకుంటే ఈ ముసలామె ఇక్కడే ఆవిరైపోతుంది. పాట మాత్రమే వచ్చి ఉంటే ఈ ముసలాయన లేచేవాడే కాదు. చిన్నప్పుడు అడవి పిట్టను కిందికి రప్పించాలని కూత నేర్చుకుంది. పోయిన అమ్మ ముఖం మళ్ళీ కంటికి కనబడాలని బొమ్మ గీసింది. పక్కింటి అలిగిన పిల్లను బయటికి రప్పించాలని గుడ్డబొమ్మ ఆడించింది. ఎప్పుడూ చేసింది ఆ ఒక్క పనే. అవతలున్న ప్రాణాన్ని ఇవతలికి రమ్మని అడగడం. ఒక్క పనికి ఇన్ని గొంతులు కావలసి వచ్చాయి, అంతే.

"నేను దేన్నీ ఇవ్వను," అంది తరళ. "నావి పది విద్యలు కావు తాతా. ఒక్కటే. నేను పిలుపరిని."

ఆ మాటకు లోయ గోడలు ఝల్లుమన్నాయి. తోటమాలి ముఖం కొవ్వొత్తిలా కారిపోయింది. గడ్డం పొగై లేచింది, ధోవతి మబ్బై విచ్చుకుంది. తాటిచెట్టంత ఎత్తున, తెల్లని గొంతుక ఉబ్బించుకుని నీహారకంఠుడు నిలబడ్డాడు.

"పిలుచుకో! మిగిలినవాళ్ళను పిలుచుకో, చూస్తాను!" అని గర్జించి కుండ బోర్లించాడు. మంచు వరదలా పొర్లింది. లేచినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. లేవనివాళ్ళకు రొమ్ముల దాకా ఎక్కింది.

"మీ వాళ్ళను మీరు పిలవండి!" అని తరళ అరిచింది. "పేరుతో లేవకపోతే వాళ్ళకిష్టమైన దానితో పిలవండి! నాకు తెలియనివి మీకు తెలుసు!" కుమ్మరి భార్య చెవిలో దంపుడు పాట అందుకుంటూనే ఆమె అత్త దగ్గరికి పరుగెత్తింది. వెనక ముసలామె గొంతు కలపడం వినిపించింది.

మైలసాని ముందు తరళ అన్నీ చేసింది. పాడింది. గీసింది. ముత్యాల పూలు కోసి ముక్కు దగ్గర పెట్టింది. కన్ను తెరవలేదు. మంచు మెడ దాకా వచ్చింది. గడ్డిపోచ తీసి ఆ పూలను మాలగా కట్టసాగింది. కంగారులో ముడి తిరగబడింది. పూలు వదులై జారుతున్నాయి. అలాగే ఇంకో ముడి వేసింది.

మంచులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆ మాలను చటుక్కున లాక్కుంది.

"ఛీ, ముడి అలా వేస్తారటే? ఎన్నిసార్లు చెప్పాలి, ఎడమ వేలి కిందనుంచి తియ్యమని!" మైలసాని కళ్ళు ఉరుముతున్నాయి. "పది వాకిళ్ళు తిరిగావు, మన వాకిట్లో పని మాత్రం రాలేదు!"

తరళ అత్త మెడ చుట్టుకుని బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. చుట్టూ జనం తమవాళ్ళను పిలిచి లేపుతుంటే మంచు వరద వెనక్కి తగ్గింది, నీహారకంఠుడు పొగలా పైకి, కోట వైపు జారుకున్నాడు.

అప్పుడు, పిలుపరినని ఆమె అన్న మాటే వంతెనై లోయ అంచు నుంచి దిగింది. దానికి రంగుంది, నాదముంది. కింద కాల్చిన మట్టి పలకలు, పక్కన పూలదండల చేతిపట్టు, గాలి నిండా మరువపు వాసన. అది నిలిచింది. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళను చేతుల మీద ఎత్తుకుని, కౌముదీపురం జనమంతా దాని మీదికి ఎక్కారు. ఎంతమంది ఎక్కినా అది ఊగలేదు.

"పిలుపరి అంటే ఏ వీధిలో ఉంటారే?" అంది మైలసాని ఆయాసపడుతూ. "ఏ సంఘంలో కూర్చోబెడతారు నిన్ను?"

"వీధి లేదత్తా. కట్టుకోవాలి."

"కడుదువుగాని. ముందు ఆ ముక్కు తుడుచుకో."

వాళ్ళింకా గట్టు చేరలేదు, ఆకాశంలో ఘీంకారం వినిపించింది. శిఖరం మీది కోట మొత్తం కరిగి, ముద్దై, నాలుగు దంతాల తెల్లని ఏనుగుగా లేచింది. దాని కుంభస్థలం మీద నీహారకంఠుడు. వాడి వెనక, కొయ్యబొమ్మలా తల వాల్చుకుని రిపుంజయుడు. ఒర ఖాళీగా ఉంది. మంచును నరికి నరికి, నరకడం ఎందుకో కూడా మరిచిపోయాడు.

"ఊరిని నువ్వే ఉంచుకో, పిలుపరీ!" అని నీహారకంఠుడు పైనుంచి నవ్వాడు. "ఒక్క మాటకే బతికిన మనిషి వీడు. ఆ ఒక్క మాటా నా దగ్గరుంది. వీడి మరపు ఒక్కటి చాలు, నాకు నూరు లోయలతో సమానం!" ఏనుగు పడమటికి తిరిగి, మేఘాల మీద కాళ్ళు మోపుతూ సముద్రం వైపు దూసుకుపోయింది.

మైలసాని మేనకోడలి ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు. "పో," అంది. "వాణ్ణీ తీసుకురా."

తరళ వంతెన అంచుకు పరుగెత్తి, లోయలో మిగిలిన మంచు వైపు వంగి, గుర్రాలవాళ్ళు మందను పిలిచే ఈల వేసింది. మంచు చెవులు రిక్కించింది. జూలు పెరిగింది, డెక్కలు మొలిచాయి. సకిలిస్తూ ఒక తెల్లని గుర్రం పైకి లేచింది. ఆమె దాని వీపు మీదికి దూకింది.

ఎగిరిన కాసేపటికే సంగతి తెలిసింది. పిలుపు ఉన్నంతసేపే గుర్రం. ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, వీపు మెత్తబడి, పక్కటెముకల మధ్యనుంచి కింది నేల కనబడుతోంది. ఆమె ఈలలు వేసింది, పాటలు పాడింది, దంపుళ్ళూ జోలలూ పడవ పాటలూ వరసగా అందుకుంది. నేల అయిపోయింది. కింద సముద్రం, నల్లని నీలం, చెయ్యి చాచి ఎదురుచూస్తున్నట్టు. ముందు ఏనుగు. దాని మీద వాలిన తల.

"యువరాజా!" అని పిలిచింది. కదలలేదు. యుద్ధభేరి మోతను నోటితో వాయించింది. కదలలేదు. వీరగీతాలన్నీ పాడింది. కత్తి గురించి తెలిసిన ప్రతి పాటా పాడింది. ఆ మనిషికి కత్తి కాక ఇంకేం ఇష్టమో ఆమెకు తెలియదు. బహుశా అతనికీ తెలియదు.

నేర్చుకున్నవన్నీ అయిపోయాయి. గుర్రం వెనక కాళ్ళు ఆవిరైపోయాయి. అలల తుంపర ఆమె పాదాలను తాకింది.

తరళ కళ్ళు మూసుకుని, ఎవరూ నేర్పని ఒక వరస ఎత్తుకుంది. దానికి మాటలు ఇంకా పుట్టలేదు. అది ఎటు పోతుందో, తరవాతి స్వరమేమిటో ఆమెకే తెలియదు. గొంతు ఎక్కడ కాలు మోపితే అక్కడ మెట్టు పడుతోంది. గుర్రం గట్టిపడి, అల మీదినుంచి పైకి లేచింది.

ముందుపోతున్న తెల్లని ఏనుగు అడుగు తడబడింది. దాని మీద, వాలిన యువరాజు తల మెల్లగా పైకి లేచి, ఆ పాట ఎటునుంచి వస్తోందో వెతకసాగింది.